అప్‌డేట్: నేషనల్ గ్యాలరీ చూసొచ్చాను

చిత్రకళ గురించి ఏమీ తెలియదు, లండన్ నేషనల్ గ్యాలరీలో ముందు ఏం చూడాలి అని అడిగాను కదా, నిన్న వెళ్లొచ్చాను. ప్రవేశం ఉచితమే. గదులన్నీ తిరగకుండా నాలుగైదు బొమ్మల దగ్గర ఆగమన్న సలహా చాలా బాగా పనికొచ్చింది.

హోల్బైన్ అనే చిత్రకారుడు 1533లో వేసిన ‘రాయబారులు’ బొమ్మ దగ్గరే ఎక్కువసేపు ఉండిపోయాను. ఎదురుగా నిలబడితే కింద ఏదో మరక ఏటవాలుగా సాగినట్టు ఉంటుంది. కుడిపక్కకి బాగా జరిగి చూస్తే అది పుర్రె! ఎడమవైపు పైమూల ఆకుపచ్చ తెర వెనక శిలువ సగమే కనిపిస్తుంది. బొమ్మలో ఉన్న తీగల వాద్యంలో ఒక తీగ తెగి ఉంది.

వాన్‌గో పొద్దుతిరుగుడు పూలలో రంగు ఎంత మందంగా ఉందో ఫోన్‌లో చూస్తే అసలు తెలియదు. టర్నర్ బొమ్మలకు టైమ్ సరిపోలేదు. శుక్రవారాలు రాత్రి 9 వరకు తెరిచే ఉంటుంది కాబట్టి క్లాసులయ్యాక మళ్లీ వెళ్తాను. సలహా ఇచ్చిన అందరికీ థ్యాంక్స్.