అప్‌డేట్: పిల్లల పెంపకం, రాజకీయాలపై ఇంటర్వ్యూ ఇచ్చాను

పిల్లల పెంపకం, రాజకీయాల గురించి ఒక విలేఖరి నన్ను ఇంటర్వ్యూ అడిగారని, పాప వివరాలు బయటపడకుండా ఎలా ఒప్పుకోవాలని ఇక్కడ అడిగాను. సలహాలిచ్చిన అందరికీ ధన్యవాదాలు. కథనం అచ్చయింది.

అన్నిటికంటే పనికొచ్చింది, రికార్డర్ నొక్కకముందే షరతులు మాట్లాడుకోమన్న సలహా. చెప్పేశాక "ఇది రాయకండి" అంటే ఒప్పుకోవాలన్న నియమం వాళ్లకు లేదట. పాప పేరు, బడి, ఫొటో వద్దన్నాను. "ఎనిమిదేళ్ల కూతురు" అని మాత్రమే వేశారు. కథనం మొత్తం ముందుగా చూపించరు గానీ, నా మాటలుగా వేసే వాక్యాలను ఫోనులో చదివి వినిపించారు. "ఓటు ఎవరికి వేయాలో నేర్పను" అన్నది కాస్తా "రాజకీయాలు నేర్పను" అయి కూర్చుంది! అక్కడికక్కడే దిద్దించాను.

ప్రశ్నలు ముందే తెప్పించుకోవడం దండగ, అందులో చాలావరకు అడగనేలేదు. పిల్లల గోప్యత గురించి 1989 నాటి ఐక్యరాజ్యసమితి బాలల హక్కుల ఒడంబడికలోని 16వ అధికరణను ఎత్తే అవసరమూ రాలేదు. ఏ పార్టీ అని గుచ్చి గుచ్చి అడగలేదు. వార్తలు చూస్తూ పాప "వీళ్లెందుకు అరుస్తున్నారు?" అంటే ఏం చెబుతారన్నదే అసలు ప్రశ్న.

ఇవన్నీ నాన్నలను కూడా అడుగుతారా అన్నాను. ఆ మాట కథనంలో వచ్చింది, జవాబు రాలేదు.