ఇమాటినిబ్ మీద అదుపులో ఉన్న సీఎంఎల్‌లో పీసీఆర్ మళ్ళీ ఎక్కుతోంది: మందు మార్చాలా?

మెడిసిన్_పీజీ_కర్నూలు

ఎమ్మిగనూరు వైపు నుంచి వచ్చే రోగి. సీఎంఎల్ (ఒక రకం రక్త క్యాన్సర్), క్రానిక్ ఫేజ్ (నెమ్మదిగా సాగే తొలి దశ). ఆ క్యాన్సర్‌ను అణిచే ఇమాటినిబ్ మాత్ర రోజుకు 400 మి.గ్రా. ల్యాబులన్నిటికీ ఒకే కొలతగా పెట్టిన ఇంటర్నేషనల్ స్కేల్ మీద, పీసీఆర్‌లో బీసీఆర్-ఏబీఎల్ (ఈ జబ్బును నడిపే జన్యువు) 3వ నెలలో 7 శాతం, 6వ నెలలో 0.8, 12వ నెలలో 0.07. అంతవరకు బాగుంది. 15వ నెలలో 0.4 అయింది, ఇప్పుడు 18వ నెలలో 2.1. తెల్లకణాలు 6,800, ప్లీహం చేతికి తగలడం లేదు, మనిషి సేద్యం పనులకు పోతున్నాడు. శాంపిల్ హైదరాబాద్ ల్యాబ్‌కు పోతుంది.

రక్తపరీక్ష ఇంత మామూలుగా ఉన్నప్పుడు ఈ 2.1ని ఎంత పట్టించుకోవాలి? డోసు 600 చేయాలా, నేరుగా దసాటినిబ్ అనే తర్వాతి తరం మందుకు మార్చాలా?

ల్యాబ్_అనంతపురం

పూర్తిగా పట్టించుకోవాలి. తెల్లకణాలు పెరగడం చివర్లో కనిపించే సంగతి, పీసీఆర్ దానికన్నా నెలల ముందే చెబుతుంది. 0.07 నుంచి 2.1 అంటే 30 రెట్లు. రెండు మూడు రెట్ల తేడా ల్యాబ్ ఊగిసలాట కావచ్చు, ఇది కాదు. పైగా రెండు రిపోర్టులూ ఒకే దిక్కుకు పోతున్నాయి. యూరప్ నిపుణుల బృందం యూరోపియన్ ల్యుకేమియానెట్ 2020 లెక్కలో 12 నెలలు దాటాక 1 శాతం పైన ఉంటే చికిత్స విఫలమైనట్టే.

అయినా రిపోర్టులో మూడు చూడండి. చివరి మూడు పరీక్షలూ ఒకే ల్యాబ్‌వా? శాతం పక్కన ఇంటర్నేషనల్ స్కేల్ అని రాశారా? పోలికకు కొలిచే కంట్రోల్ జీన్ ఏబీఎల్1 కాపీలు కనీసం 10,000 ఉన్నాయా? అంతకు తగ్గితే ఆర్ఎన్ఏ చెడిపోయిందని అర్థం, ఆ అంకెను నమ్మకూడదు.

మళ్ళీ పంపేటప్పుడు పర్పుల్ మూత ఈడీటీఏ ట్యూబుల్లో 10 మి.లీ. తీయండి. ఆకుపచ్చ మూతది వద్దు, అందులోని హెపారిన్ పీసీఆర్‌ను అడ్డుకుంటుంది. ఐస్ ప్యాక్‌ను గుడ్డలో చుట్టి పెట్టాలి. ట్యూబు మంచుకు నేరుగా తగిలి గడ్డకడితే కణాలు పగిలిపోతాయి. 24 గంటల్లో చేరితే మంచిది, 48 దాటనివ్వద్దు. శనివారం తీసిన శాంపిల్ సోమవారం దాకా కొరియర్ ఆఫీసులో ఉంటుంది. మన ఏప్రిల్, మే ఎండల్లో ఆ పెట్టె లోపల ఏం మిగలదు. అందుకే సోమవారం నుంచి బుధవారం లోపే తీయండి.

ఫార్మసీ_కడప

సార్, మందు మార్చే ముందు అసలు మందు ఒంట్లోకి చేరుతోందో లేదో తేల్చండి. "రోజూ వేసుకుంటున్నావా?" అని అడిగితే అందరూ ఊ అంటారు. ఖాళీ స్ట్రిప్పులు తెమ్మనండి, కొన్న తేదీలతో సరిచూడండి. నెలకు మూడు మాత్రలు పోతే వాడకం 90 శాతానికి పడిపోతుంది. 2010లో లండన్‌లో వచ్చిన అధ్యయనంలో 90 శాతం కన్నా ఎక్కువ వాడినవాళ్ళలో ఆరేళ్ళకు 94 శాతం మందికి పీసీఆర్ 0.1 లోపలికి వచ్చింది, 90 అంతకన్నా తక్కువైనవాళ్ళలో 28 శాతమే.

మానేయడానికి కారణం ఎక్కువగా వికారం, పిక్కలు పట్టేయడం, కంటి రెప్పల వాపు. రోజులో పెద్ద భోజనం ఏదో దానితోపాటు, పెద్ద గ్లాసు నీళ్ళతో వేసుకోమనండి. మింగలేకపోతే 400 మాత్రను 200 మి.లీ. నీళ్ళలో కలిపి, కరిగిన వెంటనే తాగొచ్చు.

తర్వాత మిగతా మందుల చీటీలన్నీ చూడండి. ఇమాటినిబ్‌ను కాలేయంలో విరిచేది సీవైపీ3ఏ4 ఎంజైమ్. మూర్ఛకు ఇచ్చే ఫెనిటాయిన్, కార్బమాజెపిన్, టీబీకి ఇచ్చే రిఫాంపిసిన్ ఆ ఎంజైమ్‌ను విపరీతంగా పెంచుతాయి.

హెమటాలజీ_కర్నూలు

రెండు జవాబులూ సరైనవే. దానితోపాటే మ్యుటేషన్ (జన్యువులో మార్పు) టెస్టుకు పంపండి, ఒకదాని కోసం ఇంకొకటి ఆపొద్దు. ఎందుకో వివరంగా చెబుతాను.

9వ, 22వ క్రోమోజోములు ముక్కలు మార్చుకోవడంతో పుట్టేది ఈ బీసీఆర్-ఏబీఎల్. మామూలు ఏబీఎల్‌కు తన తోకను (మిరిస్టాయిల్ గుంపు) తన మీదే ఉన్న ఒక గుంటలో దోపుకుని ఆగిపోయే ఏర్పాటు ఉంది. ఈ కలయికలో ఆ కొస ఊడిపోతుంది, బీసీఆర్ భాగం ఆ ప్రోటీన్లను జట్టుగా పేర్చి ఒకదాన్నొకటి రెచ్చగొట్టేలా చేస్తుంది. ఇక ఆపేది లేదు. కణాన్ని పెరగమని చెప్పే రాస్, పీఐ3కే, స్టాట్5 దారులన్నీ తెరిచే ఉంటాయి. డీఎన్ఏ దెబ్బతినడం కూడా పెరుగుతుంది కాబట్టి కొత్త మ్యుటేషన్లకు అవకాశం అందులోనే ఉంది.

ఇమాటినిబ్ ఆ ప్రోటీన్‌లో ఏటీపీ (కణం ఇంధనం) కూర్చునే చోటును ఆక్రమిస్తుంది, అదీ ఆ ఎంజైమ్ (కైనేజ్) మూసుకుని ఉన్న భంగిమలో ఉన్నప్పుడే. పట్టు నిలిచేది 315వ స్థానంలోని థ్రియోనిన్‌తో కట్టుకునే హైడ్రోజన్ బంధం మీద. జన్యువులో ఒక్క అక్షరం, సీ బదులు టీ వస్తే అక్కడ ఐసోల్యూసిన్ చేరుతుంది. దానికి ఆ బంధానికి కావలసిన హైడ్రాక్సిల్ లేదు, పైగా అడ్డంగా ఉబ్బి ఉంటుంది. ఇదే టీ315ఐ. దీని ముందు ఇమాటినిబ్, దసాటినిబ్, నిలోటినిబ్, బోసుటినిబ్ నాలుగు మందులూ పనిచేయవు. పొనాటినిబ్ ఆ ఉబ్బును తప్పించుకుని కూర్చుంటుంది. అసిమినిబ్ దారే వేరు, ఇందాక చెప్పిన ఖాళీ గుంటలో కూర్చుని పాత బ్రేకును మళ్ళీ వేస్తుంది. టీ315ఐ ఉంటే దాని డోసు రోజుకు రెండుసార్లు 200 మి.గ్రా.

మందు ఈ మార్పును పుట్టించదు. ఆదోని వైపు బీటీ పత్తిలో గులాబీ పురుగు ఎట్లా నిలదొక్కుకుందో ఇదీ అట్లాగే: ముందే ఉన్న కొన్ని కణాలు మిగతావి చచ్చాక చేను ఆక్రమిస్తాయి. మందు మోతాదు అరకొరగా అందితే సగం నిరోధం ఉన్నవి కూడా బతుకుతాయి.

అందుకే రిపోర్టు చూడకుండా దసాటినిబ్ రాయొద్దు. రిపోర్టులో వై253హెచ్, ఈ255కే, ఎఫ్359వీ అనే మ్యుటేషన్లు వస్తే నిలోటినిబ్ కన్నా దసాటినిబ్ మేలు. వీ299ఎల్, ఎఫ్317ఎల్ వస్తే దసాటినిబ్ పనికిరాదు, నిలోటినిబ్ చూడాలి. రోగిని బట్టి కూడా చూడాలి: ఊపిరితిత్తుల జబ్బు ఉంటే దసాటినిబ్‌తో ఛాతీలో నీరు చేరే భయం, షుగర్, గుండె జబ్బు ఉంటే నిలోటినిబ్‌తో ఇబ్బంది. మ్యుటేషన్ వెతికే శాంగర్ పద్ధతి 15-20 శాతం కన్నా తక్కువ ఉన్న క్లోన్‌ను (ఒకే మార్పు ఉన్న కణాల గుంపు) చూడలేదు, వీలైతే ఇంకా సూక్ష్మంగా చదివే ఎన్‌జీఎస్ అడగండి. ఏ మ్యుటేషనూ దొరకకపోవడం కూడా మామూలే. అప్పుడు మందును బయటికి తోసే ఏబీసీబీ1 పంపు, లిన్ ఎంజైమ్ లాంటి పక్కదారులు కారణం కావచ్చు.

మెడిసిన్_పీజీ_కర్నూలు

సార్, ఫార్మసీ అన్న చెప్పాక పాత చీటీలు తెప్పించాను. మెడ గడ్డకు టీబీ అని ఐదు నెలలుగా మందులు వాడుతున్నాడు. రిఫాంపిసిన్ ఉంది. వేరే ఊళ్ళో మొదలుపెట్టారు, మన కేస్ షీట్‌లో లేదు.

ఫార్మసీ_కడప

రిఫాంపిసిన్‌తో ఇమాటినిబ్ రక్తంలో నాలుగింట మూడు వంతుల దాకా తగ్గిపోతుంది. దసాటినిబ్, నిలోటినిబ్ కూడా అంతే, ఇంకా ఎక్కువే. మార్చి ఉంటే కొత్త మందూ ఓడిపోయినట్టు కనిపించేది.

హెమటాలజీ_కర్నూలు

టీబీ మందు ఆపొద్దు, నెల మిగిలినా పూర్తి కావాలి. రిఫాంపిసిన్ బదులు ఎంజైమ్‌ను అంతగా పెంచని రిఫాబుటిన్ వీలవుతుందా అని టీబీ విభాగంతో మాట్లాడండి. కుదరకపోతే ఇమాటినిబ్‌ను కనీసం సగం పెంచాలి, అంటే 600. ఐసోనియాజిడ్ కూడా ఉంది కాబట్టి లివర్ టెస్టు రెండు వారాలకోసారి. రిఫాంపిసిన్ ఆపాక దాని ప్రభావం పోవడానికి రెండు వారాలు పడుతుంది, అప్పుడు 400కు దించడం మరచిపోవద్దు, లేకపోతే రక్తకణాలు పడిపోతాయి. మ్యుటేషన్ టెస్టు మాత్రం ఈ వారమే పంపండి. ఐదు నెలలు మందు తక్కువైంది కదా, ఆ లోపల ఏ క్లోన్ లేచిందో తెలియాలి. టీ315ఐ వస్తే ఈ డోసు లెక్కంతా పక్కనపెట్టి వెంటనే నాకు ఇక్కడ రాయండి.