లేత్ బాంజో మార్చాలా, ఉన్నదాన్నే సరిచేయాలా? 5/8 కాడ మీద చర్చ

గిన్నెలపని: నాది చెక్క లేత్, స్వింగ్ (బెడ్ మీద తిరగగలిగే దిమ్మ గరిష్ఠ వ్యాసం) 12 అంగుళాలు, టూల్ రెస్ట్ (ఉలి ఆనించే పట్టీ) కాడ 5/8 అంగుళం. 10 అంగుళాల గిన్నె బయటివైపు తీస్తుంటే రెస్ట్ వణికి చెక్క మీద అలల్లా గీతలు పడుతున్నాయి. 1 అంగుళం కాడ పట్టే బరువైన పోత ఇనుప బాంజో (రెస్ట్ కాడను పట్టుకుని, లేత్ బెడ్ అనే అడుగు పట్టాల మీద జరిగే ఆధారం) కొనడం మేలా, ఉన్నదాంతోనే నెట్టుకురావచ్చా?

ఉలిపదును: కొనేయండి. గుండ్రటి కడ్డీ గట్టిదనం వ్యాసం నాలుగో ఘాతంతో పెరుగుతుంది. 5/8 నుంచి 1 అంగుళానికి వెళ్తే వ్యాసం పెరిగేది 1.6 రెట్లే, గట్టిదనం మాత్రం ఆరున్నర రెట్లు. 3/4కి వెళ్లినా రెట్టింపు దాటుతుంది. సన్న కాడను పైకెత్తి దాని మీద 12 అంగుళాల రెస్ట్ పెడితే, ఉలి చివరికి వెళ్లినప్పుడు కాడ వంగక తప్పదు.

బెడ్‌పట్టు: లెక్క సరైనదే గానీ, వణికేది కాడే అని ఇంకా తేలలేదండీ. ముందు కొలవండి. లేత్ ఆపి, డయల్ గేజ్ (అతి చిన్న కదలికను కొలిచే సాధనం) అయస్కాంతపు స్టాండ్‌ను బెడ్ మీద నిలపండి. ముల్లు రెస్ట్ చివర ఆనించి, అక్కడే చేత్తో గట్టిగా కిందికి నొక్కి రీడింగ్ రాసుకోండి. తర్వాత ముల్లును బాంజో పైభాగంలో, కాడ దిగే రంధ్రం పక్కన పెట్టి, మళ్లీ రెస్ట్ చివరే అంతే బలంతో నొక్కండి. రెండో చోట ముల్లు కదలకపోతే లోపం కాడలోనో దాని బిగింపులోనో ఉంది. అక్కడా కదిలితే బాంజోయే లేస్తోంది. అలాంటప్పుడు ఎంత లావు కాడ పెట్టినా ఆ వణుకు పోదు.

ఉలిపదును: బాంజో కదిలినా కాడ వంగడం దానికి తోడే కదా? రెండూ కలిసే గీతలు పడతాయి. పైగా సన్న కాడకు బిగింపు బోల్ట్ గుచ్చుకుని గుంటలు పడతాయి. తర్వాత ఎత్తు కొద్దిగా మార్చి బిగించినా బోల్ట్ పాత గుంటలోకే జారి, రెస్ట్ దిగిపోతుంది.

బెడ్‌పట్టు: గుంటలు కాడ లావును బట్టి రావు, బోల్ట్ మొన నేరుగా ఉక్కుకు తగలడం వల్ల వస్తాయి. మొనకూ కాడకూ మధ్య చిన్న ఇత్తడి ముక్క వేస్తే చాలు. కాడ మీద ఇప్పటికే లేచిన అంచుల్ని సన్న ఆకురాయితో తీసేయండి. 10 అంగుళాల గిన్నెకు 12 అంగుళాల రెస్ట్ కూడా అనవసరం, 6 అంగుళాలది పెట్టండి. చివరి నుంచి కాడకు దూరం సగమవుతుంది.

కొలతబద్ద: ఎలాగూ కొంటాం అనుకునేవాళ్లు మాత్రం ఈ కొలతలు చూసుకోవాలి. 25 మి.మీ. రంధ్రంలోకి 1 అంగుళం కాడ దిగదు, ఎందుకంటే అది 25.4 మి.మీ. అదే 25 మి.మీ. కాడ 1 అంగుళం రంధ్రంలో దిగుతుంది గానీ 0.4 మి.మీ. లూజు ఉంటుంది. అంటే బాంజోతో పాటు రెస్టులూ మార్చాలి, లేదా పాత కాడలకు చీలిక ఉన్న స్లీవ్ (గొట్టం లాంటి తొడుగు) వేయాలి. స్లీవ్ వేస్తే కాడ సన్నగానే మిగులుతుంది కాబట్టి ఆ ఆరున్నర రెట్ల లాభం రాదు.

ఇక ఎత్తు. 12 అంగుళాల స్వింగ్ అంటే బెడ్ నుంచి సెంటర్‌కు (దిమ్మ తిరిగే అక్షానికి) 6 అంగుళాలు. బాంజో మందం 2 అంగుళాలైతే దాని మీదుగా తిరగగలిగే దిమ్మ వ్యాసం 8 అంగుళాల లోపే. బరువైన బాంజోలు మందంగా ఉంటాయి, కొనేముందు ఇది చూసేవాళ్లు తక్కువ. పొడవు విషయంలోనూ అంతే. 10 అంగుళాల గిన్నె బయటివైపు తీయాలంటే కాడ రంధ్రం సెంటర్ నుంచి 5 అంగుళాలకు పైనే బయటికి రావాలి. అందుకని మరీ పొడుగుది తీసుకుంటే, సన్నటి కర్ర తిప్పేటప్పుడు దాని తోక బెడ్ వెనక్కి పొడుచుకొచ్చి గోడకో మోటారుకో తగులుతుంది. బెడ్ పట్టాల మధ్య సందు కూడా కొలవండి, కింది బిగింపు పలక అందులో సరిపోవాలి.

గిన్నెలపని: కొలిచాను. రెస్ట్ చివర 0.5 మి.మీ., బాంజో మీద 0.35.

బెడ్‌పట్టు: అయితే కదలికలో ఎక్కువ భాగం బాంజో కిందే ఉంది. బాంజో తీసి, అడుగున, బెడ్ మీద, పలక పైముఖం మీద పొట్టు, తుప్పు, ఎండిన జిగురు లేకుండా తుడవండి. బాంజో అడుగున మార్కర్ ఇంకు పూసి బెడ్ మీద కొద్దిగా అటూ ఇటూ జరపండి. ఇంకు మధ్యలోనే చెరిగితే అడుగు ఉబ్బుగా ఉందన్నమాట, అది ఊగుతుంది. మందపాటి గాజు పలక మీద 120 గరుకు కాగితం పరిచి, అంచుల్లో కూడా ఇంకు పోయేదాకా రుద్దండి.

తర్వాత క్యామ్, అంటే లివర్ తిప్పినప్పుడు కింది పలకను పైకి లాగి బాంజోను బెడ్‌కు బిగించే భాగం. లివర్ తిరుగుడు చివరికొచ్చినా పట్టు రాకపోతే కింది నట్‌ను పావు చుట్టు బిగించి చూడండి. మరీ బిగిస్తే లివర్ సగంలోనే ఆగిపోయి క్యామ్ పూర్తిగా లాక్ కాదు, పని మధ్యలో వణుక్కి వదిలేస్తుంది. మైనం పూస్తే బెడ్ పైముఖానికే పూయండి. పలక పట్టే కిందివైపు పొడిగా ఉండాలి.

ఉలిపదును: ఇవన్నీ చేశాక మళ్లీ కొలవండి. బాంజో దగ్గర దాదాపు సున్నా వచ్చి, రెస్ట్ చివర ఇంకా 0.15 మిగిలితే అది కాడదే. దానికి నా సమాధానం 1 అంగుళమే.

కొలతబద్ద: దానికి ముందు కాడ ఎంత లోపలికి దిగుతోందో చూడండి. కాడ వ్యాసానికి రెట్టింపు లోతైనా రంధ్రంలో ఉండాలి, మీ 5/8కి అది 1¼ అంగుళం. అంతకన్నా తక్కువుంటే పొడుగు కాడ ఉన్న రెస్ట్ తీసుకోండి. ఎలా బిగించినా, స్విచ్ వేసే ముందు దిమ్మను చేత్తో ఒక చుట్టు పూర్తిగా తిప్పి రెస్టుకు ఎక్కడా తగలడం లేదని చూసుకోండి. రెస్ట్ ఎప్పుడు జరిపినా లేత్ ఆపాకే.