70 సెంట్ల వజ్రాలు రెండు, అదే కలర్, అదే క్లారిటీ: ధరలో 22 వేల తేడా ఎందుకు?

కృష్ణలంక_కుర్రాడు

అందరికీ నమస్తే. ఫిబ్రవరికి మా పెళ్ళయి పదేళ్ళు. అప్పట్లో మా ఆవిడకి వజ్రపు ఉంగరం పెట్టే స్తోమత లేదు, అది నా మనసులో అలాగే ఉండిపోయింది. ఇప్పుడు విడిగా రాయి ఆన్‌లైన్‌లో కొని, మాకు బాగా తెలిసిన ఆచారి గారితో పసుపు బంగారంలో చేయిద్దామని అనుకుంటున్నాను.

రెండు రాళ్ళు చూసి పెట్టుకున్నాను. రెండూ భూమిలోంచి తీసినవే, ల్యాబ్‌వి కాదు. రెండూ రౌండ్, 0.70 క్యారెట్ (అంటే 70 సెంట్లు), ఎఫ్ కలర్ (డీ నుంచి జెడ్ దాకా ఉండే వరసలో మూడోది, దాదాపు రంగు లేనిది), వీఎస్2 క్లారిటీ (లోపాలు చాలా చిన్నవి), రెండిటికీ జీఐఏ (వజ్రాలు పరీక్షించి గ్రేడు ఇచ్చే సంస్థ) రిపోర్ట్ ఉంది.

మొదటిది: కొలతలు 5.72–5.75 × 3.52 మి.మీ., డెప్త్ (వెడల్పులో లోతు ఎంత శాతమో) 61.4, కట్ ఎక్సలెంట్, ఫ్లోరెసెన్స్ (అల్ట్రావయొలెట్ వెలుగులో రాయి వెలిగే గుణం) లేదు.
రెండోది: 5.52–5.56 × 3.60 మి.మీ., డెప్త్ 65.0, కట్ గుడ్, ఫ్లోరెసెన్స్ మీడియం బ్లూ. పాలిష్, సిమెట్రీ మాత్రం ఎక్సలెంట్ అనే ఉన్నాయి.

రెండోది 22 వేలు తక్కువ. గుడ్ అంటే మంచిదే కదా, పైగా పాలిష్, సిమెట్రీ ఎక్సలెంటే, మరి ఆ 22 వేలు ఎందుకు పెట్టాలి అని నా అనుమానం. రాయిని చేత్తో పట్టుకుని చూడకుండా కాగితం చదివి ఇంత డబ్బు కట్టాలంటే టెన్షన్‌గా ఉంది. తెలిసినవాళ్ళు చెప్పండి.

వరాఛా_రిటర్న్

అన్నా, నేను సూరత్‌లో ఆరేళ్ళు వజ్రాల అసార్టింగ్‌లో పనిచేశాను. అక్కడ మనవాళ్ళు ఎక్కువగా బట్టల పరిశ్రమలో ఉంటారు, నేను వరాఛాలో ఒక వజ్రాల ఆఫీసులో చేరాను. పొద్దున్నించి సాయంత్రం దాకా తెల్ల కాగితం మీద రాళ్ళు పోసి, పట్టకారుతో ఒక్కోటి విడదీయడమే పని.

రెండోది తీసుకోకండి. జీఐఏ కట్ గ్రేడులు ఐదు: ఎక్సలెంట్, వెరీ గుడ్, గుడ్, ఫెయిర్, పూర్. అంటే గుడ్ మూడో మెట్టు. పేరు చూసి మంచిదే అనుకుని చాలామంది అక్కడే పొరబడతారు. పాలిష్ అంటే పై నునుపు, సిమెట్రీ అంటే ముఖాలు ఒకదానికొకటి సరిగ్గా కుదిరాయా లేదా అన్నది. ఆ రెండూ ఎక్సలెంట్ అయినా కోణాలు తప్పితే రాయి మెరవదు.

ఇప్పుడు మీరు రాసిన కొలతలే చూడండి. బరువు ఒకటే, కానీ రెండోది వెడల్పులో 0.2 మి.మీ. చిన్నది, లోతు ఎక్కువ. బరువంతా కింద కడుపులో దాక్కుంది. వేలికి పెట్టుకున్నాక కనిపించేది పై ముఖమే కదా, అది 65 సెంట్ల రాయిలా కనిపిస్తుంది, మీరేమో 70 సెంట్లకి డబ్బు కడతారు. చెక్కేటప్పుడు ముడిరాయి బరువు పోకుండా కాపాడుకోవాలని ఇలా లోతుగా వదిలేస్తారు, నేను చూసిన లాట్లలో ఇలాంటివి చాలా వచ్చేవి. లోతు ఎక్కువైతే పైనుంచి వెళ్ళిన వెలుగు తిరిగి కంటికి రాకుండా కిందనుంచి జారిపోతుంది, రాయి మధ్యలో నల్లగా కనిపిస్తుంది.

రౌండ్ రాయికి నేను చూసే లెక్కలు ఇవి: టేబుల్ (పైనున్న చదును ముఖం, రాయి వెడల్పులో శాతం) 55 నుంచి 58, డెప్త్ 60 నుంచి 62.5 లోపు, క్రౌన్ (రాయి పై భాగం) కోణం 34–35, పెవిలియన్ (కింది భాగం) కోణం 40.6–41 దగ్గర. ఇవన్నీ రిపోర్ట్‌లో పక్కనుంచి గీసిన బొమ్మ మీద రాసి ఉంటాయి. మొదటి రాయి బొమ్మ ఒకసారి చూసి చెప్పండి. ఇంకోటి, జీఐఏ ఈ కట్ గ్రేడు 2006 నుంచి రౌండ్‌కే ఇస్తోంది. ఓవల్, కుషన్ లాంటివి కొనేవాళ్ళకి ఆ గడే ఉండదు, కాబట్టి వాటిని వీడియోలో చూడకుండా కొనొద్దు.

మీరు పసుపు బంగారం అన్నారు కాబట్టి ఒక సలహా. ఎఫ్ దాకా పోనక్కర్లేదు. పసుపు బంగారంలో జీ, హెచ్ కూడా తెల్లగానే కనిపిస్తాయి. కలర్‌లో మిగిలిన డబ్బు కట్‌లో పెట్టండి.

అత్తాపూర్_అమ్మాయి

నా అనుభవం చెప్తాను తమ్ముడూ, ఎందుకంటే కట్, కలర్ అన్నీ చూసుకుని కూడా నేను దెబ్బతిన్నాను. మూడేళ్ళ క్రితం ఒక ఆన్‌లైన్ దుకాణంలో 1.01 క్యారెట్ రాయి కొన్నాను. ఎస్ఐ1 (వీఎస్ కంటే కింది క్లారిటీ), జీ కలర్, కట్ ఎక్సలెంట్. రిపోర్ట్ బొమ్మలో మచ్చలు చాలా తక్కువ, చూసి మురిసిపోయాను. రాయి వచ్చాక కిటికీ దగ్గర పట్టుకుంటే, అద్దం మీద నోటి ఆవిరి పట్టినట్టు ఉంది. కడిగాను, మెత్తటి బ్రష్‌తో రుద్దాను, అలాగే ఉంది. అప్పుడు రిపోర్ట్ కింద కామెంట్స్ అని చిన్న అక్షరాల్లో ఉన్నది చదివాను. క్లారిటీ గ్రేడు, బొమ్మలో చూపించని క్లౌడ్స్‌ని (మబ్బులా గుమిగూడిన సన్న చుక్కలని) బట్టి ఇచ్చినట్టు రాశారు. అంటే నేను మురిసిపోయిన ఆ ఖాళీ బొమ్మలో అసలైన లోపాన్ని చూపించనేలేదు, అది రాయంతా పరుచుకుని ఉంది.

వాపసు గడువు పది రోజులు, నేను ఊరెళ్ళి వచ్చేసరికి పన్నెండో రోజు. వాళ్ళు తీసుకోలేదు. అందుకే చెప్తున్నాను, కామెంట్స్ ముందు చదవండి, ఆ తర్వాతే మిగతావి. ఫ్లోరెసెన్స్ ఉన్న రాయి జోలికి అసలు పోవద్దు.

వరాఛా_రిటర్న్

అక్కా, మీకు జరిగింది వింటే బాధగా ఉంది. దాన్నే మా ఆఫీసులో మిల్కీ అనేవాళ్ళం. ఆ కామెంట్ ఎస్ఐ1, ఎస్ఐ2 రాళ్ళకి ఉంటే భయపడాల్సిందే. అదే ‘అదనంగా ఉన్న క్లౌడ్స్ చూపించలేదు’ అని వీఎస్ రాయికి ఉంటే మాత్రం మామూలే, దాని వల్ల పెద్దగా నష్టం లేదు.

ఫ్లోరెసెన్స్ విషయంలో మీతో ఒప్పుకోను. ఫెయింట్, మీడియం ఉన్న రాళ్ళు చాలావరకు బాగానే ఉంటాయి, స్ట్రాంగ్ ఉన్నప్పుడే ఎండలో మసకేస్తుందేమో అడిగి చూసుకోవాలి. మన అమ్మమ్మల ఏడు రాళ్ళ కమ్మల్లో బ్లూ జాగర్ అని గొప్పగా చెప్పుకునేవాళ్ళే, ఆ పేరు దక్షిణాఫ్రికాలోని జాగర్స్‌ఫాంటైన్ గని నుంచి వచ్చింది. నీలి ఛాయ కొట్టే తెల్ల రాళ్ళంటే వాళ్ళకి అంత ఇష్టం. కాబట్టి రెండో రాయిని వద్దన్నది లోతు వల్లే, ఫ్లోరెసెన్స్ వల్ల కాదు.

అమీర్‌పేట్_అన్న

అమ్మేవాడు పంపిన పీడీఎఫ్‌ని నమ్మొద్దు. రిపోర్ట్ నంబరు మీరే జీఐఏ సైట్‌లో కొట్టి, అక్కడ వచ్చినదాన్ని చదవండి. ఐజీఐ అనే ఇంకో ల్యాబ్‌కి కూడా అలాంటి పేజీ ఉంది. ల్యాబ్‌లో పెంచిన రాయి గర్డిల్ (చుట్టూ ఉండే అంచు) మీద, భూమిలో దొరికిన రాయి నంబరు చెక్కి అమ్మిన కేసులు జీఐఏ వాళ్ళే పట్టుకుని బయటపెట్టారు. అందుకని నంబరు ఒక్కటే చాలదు, బరువు వందో వంతు దాకా, కొలతలు మి.మీ.లో వందో వంతు దాకా రిపోర్ట్‌తో కలవాలి. ఊళ్ళో ఎవరి దగ్గరైనా లెవరిడ్జ్ గేజ్ (రాయి కొలతలు తీసే పరికరం) ఉంటే రెండు నిమిషాల పని.

ఉంగరం మీద ఉండే హాల్‌మార్క్, హెచ్‌యూఐడీ (నగకి ఇచ్చే గుర్తింపు కోడ్) బంగారానికే, రాయికి సంబంధం లేదు. మా బంధువులు దాన్ని చూసి వజ్రానికి కూడా గ్యారంటీ అనుకున్నారు.

కృష్ణలంక_కుర్రాడు

అందరికీ చాలా థ్యాంక్స్, రాత్రి అంతా కూర్చుని చదివాను. మొదటి రాయికి టేబుల్ 57, క్రౌన్ 34.5, పెవిలియన్ 40.8. కామెంట్స్‌లో ఏమీ లేదు. అయితే దీనికి మచ్చల బొమ్మే లేదు, ఫెదర్, క్రిస్టల్ అని పేర్లు మాత్రం ఉన్నాయి. అనుమానించాలా?

వరాఛా_రిటర్న్

అక్కర్లేదు అన్నా. అది డోసియర్ అనే చిన్న రిపోర్ట్, 2 క్యారెట్ల లోపు రాళ్ళకి ఇస్తారు, మచ్చల బొమ్మ ఉండదు. ముందు రాసిన పేరే ముఖ్యమైన లోపం. క్రిస్టల్ అంటే లోపల చిక్కుకున్న చిన్న ఖనిజం, ఫెదర్ అంటే సన్న పగులు, ఆ ఫెదర్ గర్డిల్‌కి ఆనుకుని ఉందేమో అమ్మేవాళ్ళని వీడియోలో చూపించమనండి. అంచు మీద ఉంటే పొదిగేటప్పుడు ప్రాంగ్ (రాయిని పట్టి ఉంచే బంగారు కొక్కెం) ఒత్తిడి దాని మీద పడుతుంది. వీడియో షోరూం లైట్ల కింద కాకుండా నీడపట్టున, పగటి వెలుతురులో తీయమనండి, ఆ లైట్ల కింద ప్రతి రాయీ మెరుస్తుంది.

కోణాలు చాలా బాగున్నాయి. రాయి చేతికి వచ్చిన రోజే 10 రెట్లు పెద్దగా చూపించే లూప్‌తో గర్డిల్ మీది నంబరు చదవండి. ఆచారి గారికి ఇచ్చేముందు ఆయన ఎదుటే ఇంకోసారి చదివి, ఆ నంబరు మీద ప్రాంగ్ పడకుండా పొదగమని చెప్పండి. ఉంగరం తెచ్చుకునేటప్పుడు అక్కడే మళ్ళీ చదువుకోవచ్చు.