వానల్లో మేకల కొట్టం తడి, వేరుశనగ కట్టెకూ చెక్కకూ బూజు: ఏమి చేయాలి?

ప్రశ్న: చంద్రగిరి మండలం నుంచి ఒక సభ్యురాలు

సభ్యులందరికీ నమస్కారం. మాకు తొమ్మిది ఆడమేకలు, ఒక పోతు, ఈ మధ్య పుట్టిన ఆరు పిల్లలు ఉన్నాయి. ఇంటి వెనుక గోడకు ఆనించి వేసిన రేకుల కొట్టంలో, మట్టి నేలపైనే వాటిని ఉంచుతున్నాము. ఎండాకాలమంతా ఏ ఇబ్బందీ లేదు గాని, ఈశాన్య రుతుపవనాల వానలు మొదలైనప్పటి నుంచి నేల చిత్తడిగా మారి, పొద్దున్నే తడిక తీయగానే కళ్ళు మండేంత ఘాటు వస్తున్నది. వరి గడ్డి పరిస్తే మర్నాటికే నానిపోతున్నది. పిల్లలలో రెండింటికి పారుడు పట్టుకుంది. ఇది చాలదన్నట్లు, మేతకు దాచిన వేరుశనగ కట్టె (కాయలు తీసిన ఎండు తీగ) వామిలో చేయి పెట్టి చూస్తే లోపల వేడిగా, నల్లగా ఉంది. దాణాకు తెచ్చిన వేరుశనగ చెక్క (నూనె తీయగా మిగిలిన పిప్పి) బస్తా అడుగున పచ్చని బూజు కనిపించింది. నేలంతా గచ్చు చేయించే స్తోమత ప్రస్తుతం లేదు. కొట్టాన్ని పొడిగా ఉంచే మార్గం చెప్పగలరు. బూజు పట్టిన చెక్కను ఎండలో ఆరబెట్టి పెట్టవచ్చునా అన్నది కూడా తెలియజేయగలరు.

సమాధానం: పశుసంవర్ధక శాఖలో పనిచేసి విరమణ పొందిన సభ్యుడు, తిరుపతి

అమ్మా, ముందు పిల్లల సంగతి చూడండి. పారుడు పట్టిన రెండింటినీ ఈ రోజే వేరే చోట, పొడి నేల మీద కట్టి, వాటి పెంటికల నమూనాను ఒక చిన్న డబ్బాలో దగ్గరలోని పశువైద్యశాలకు తీసుకొని వెళ్ళండి. వెళ్ళలేకపోతే 1962 నంబరుకు ఫోను చేస్తే సంచార పశువైద్య వాహనం సేవ దొరుకుతుంది. తడి కొట్టంలో పిల్లలకు వచ్చే పారుడు చాలావరకు కాక్సీడియా అనే సూక్ష్మజీవి వల్ల వస్తుంది గాని, కడుపులో పురుగుల వల్లనైనా, ఇతర కారణాల వల్లనైనా రావచ్చును కనుక పరీక్ష లేకుండా మందు పోయవద్దు. పారుడుతోపాటు జ్వరం, ముక్కు కారడం, నోటిలో పుండ్లు కూడా ఉంటే అది పి.పి.ఆర్. అనే, మందలో వేగంగా వ్యాపించే వైరస్ జబ్బు కావచ్చును, అప్పుడు ఒక్క పూట కూడా ఆలస్యం చేయరాదు.

కాక్సీడియా గుడ్లు పెంటికలతో బయటికి వచ్చిన వెంటనే రోగం కలిగించవు. వెచ్చదనం, తడి దొరికితే రెండు మూడు రోజులలో అవి రోగాన్ని కలిగించే స్థితికి వస్తాయి. మనం వాడే ఫినాయిలు వాటిని చంపలేదు. ఎండ, ఆరుదల మాత్రం వాటిని దెబ్బతీస్తాయి. అందువలన పిల్లలు పడుకునే చోట పెంటికలను రోజూ, కనీసం రోజు విడిచి రోజు, ఊడ్చి తీసివేయడం ఏ మందు కన్నా ఎక్కువ మేలు చేస్తుంది. మేత తొట్టి, నీళ్ళ తొట్టి నేల మీద ఉంటే పిల్లలు వాటిలోకి ఎక్కి అక్కడే పెంటికలు వేస్తాయి. తొట్టిని ఎత్తులో కట్టి, తల మాత్రమే దూరేటట్లు నిలువు కర్రలు అడ్డం పెట్టండి.

ఇక తడి విషయం. గడ్డి ఎంత పరచాలన్నది తరువాత ఆలోచిద్దాము. ఆ నీరు ఎక్కడి నుంచి వస్తున్నదో ముందు కనిపెట్టాలి. చూరు నుంచి జారి లోపలికి చిమ్ముతున్నదా, బయటి నేల ఎత్తుగా ఉండి లోపలికి ఊరుతున్నదా, లేక అదంతా మేకల మూత్రమేనా? కొట్టం పొడవు, వెడల్పు ఎంతో, చుట్టూ ఏమి కట్టారో దయచేసి చెప్పండి.

ప్రశ్న వేసిన సభ్యురాలు

చాలా కృతజ్ఞతలు అయ్యా. పెంటికల నమూనా ఈ ఉదయమే ఇచ్చి వచ్చాము. కొట్టం పన్నెండు అడుగుల పొడవు, పది అడుగుల వెడల్పు. జల్లు కొట్టకుండా మూడు వైపులా పైకప్పు దాకా టార్పాలిన్ పట్టాలు కట్టాము. చూరు గోడకు అడుగు దూరం మాత్రమే బయటికి ఉంది. బయటి వాకిలి కొట్టం నేల కన్నా కొంచెం ఎత్తుగానే ఉన్నదని ఇప్పుడు గమనించాను.

తిరుపతి సభ్యుడు

అయితే కారణాలు మూడూ ఉన్నాయి. పెద్ద మేకకు పది నుంచి పన్నెండు చదరపు అడుగుల చోటు, పోతుకు అంతకన్నా ఎక్కువ చోటు కావాలి. మీ కొట్టం నూట ఇరవై చదరపు అడుగులు. పది పెద్ద జీవాలకే అది సరిపోతుంది, ఆరు పిల్లలకు చోటు మిగలదు. పోతును బయట చిన్న పందిరి కిందకు మార్చితే కొంత ఇరుకు తగ్గుతుంది.

పట్టాలు కట్టడం జల్లును ఆపింది గాని గాలిని కూడా ఆపింది. మూత్రం నుంచి పుట్టే అమ్మోనియా ఘాటు నేల దగ్గర ఎక్కువగా ఉంటుంది. మనం నిలబడితే తెలియదు. పిల్లమేక పడుకునే ఎత్తులో కూర్చొని వాసన చూడండి, మీ కళ్ళు మండితే వాటి ఊపిరితిత్తులు అంతకు ముందే బాధపడుతున్నట్లు లెక్క. గాలివాటు వైపున మాత్రం పట్టాను మేక నడుము ఎత్తుకు ఉంచి, పైన కనీసం ఒక అడుగు ఖాళీ అన్ని వైపులా వదిలివేయండి. చూరును మరి రెండడుగులు ముందుకు పొడిగిస్తే ఆ ఖాళీ గుండా జల్లు రాదు.

నేలకు గచ్చు అవసరం లేదు. ఒక తెరపి రోజు చూసి, నానిన మట్టిని గోరి తీసివేసి, మొరం తెచ్చి అర అడుగు ఎత్తుకు పోసి దిమ్మిసతో కొట్టండి. అడుగుకు అర అంగుళం చొప్పున ఒక వైపుకు వాలు ఉండాలి. ఆ వాలు చివర కాలువ తీసి, నీటిని పెంటదిబ్బ గుంతకు మళ్ళించండి. 2021 నవంబరు వరదలను చూసిన మన ప్రాంతం వారు వాకిలి కన్నా కొట్టం నేల ఎత్తుగా ఉండాలన్న మాటను తేలికగా తీసుకోరని నా నమ్మకం.

సమాధానం: పలమనేరు ప్రాంతపు మేకల పెంపకందారు

పెద్దవారు చెప్పినదానితో ఏకీభవిస్తూ ఒక మాట చేర్చుతున్నాను. కొట్టమంతటికీ కాకపోయినా, పిల్లల వరకు ఒక మూల సర్వి కర్రలతో లేదా వెదురు బద్దలతో మంచె వేయండి. నేల నుంచి రెండు మూడు అడుగుల ఎత్తు చాలు, కింద చీపురు తిరగాలి, అంతే. బద్దల మధ్య సందు అర అంగుళం ఉంటే పెంటికలు, మూత్రం కిందికి జారిపోతాయి, పిల్లల కాళ్ళు ఇరుక్కోవు. పెద్దవాటికైతే ముప్పావు అంగుళం పెట్టుకోవచ్చును. దీని మీద గడ్డి పరచనక్కరలేదు. చలి రాత్రులలో మాత్రం మరీ చిన్న పిల్లల కింద ఒక గోనెపట్టా వేసి, ఉదయం తీసి ఎండవేయాలి.

కింద పరచడానికి వరి గడ్డి కన్నా రంపపు పొట్టు తేమను బాగా పీలుస్తుంది. బెల్లం గానుగల దగ్గర దొరికే చెరకు పిప్పి కూడా మంచిదే, కాని పూర్తిగా ఎండినది తేవాలి. పచ్చిది తీపి వల్ల పులిసి, చీమలను, ఈగలను పిలుస్తుంది. వేరుశనగ పొట్టును వాడేవారు ఉన్నారు గాని, మేకలు దానిని నములుతాయి కనుక బూజు ఉన్న పొట్టు వద్దు. వరి ఊక చవకే, పీల్చుకునే గుణం మాత్రం తక్కువ. ఇంతకూ మేము పరుపు తీసిన తరువాత సున్నం, దాని మీద బ్లీచింగు పొడి చల్లుతాము. ఘాటు వెంటనే పోతుంది.

తిరుపతి సభ్యుడు

మిత్రులు చివర చెప్పినదానితో నేను ఏకీభవించలేను. మూత్రంతో తడిసిన చోట బ్లీచింగు పొడి పడితే, అందులోని క్లోరిన్ అమ్మోనియాతో కలిసి ఊపిరితిత్తులను దెబ్బతీసే విషవాయువులు పుడతాయి. మూసిన కొట్టంలో అది మేకలకూ, ఊడ్చే మనిషికీ ప్రమాదమే. సున్నం వేయవచ్చును గాని, అది నీళ్ళలో విరిసిన సున్నమై ఉండాలి, రాతి సున్నం కారాదు. ఊడ్చిన నేల మీద పలుచగా చల్లి, దాని పైన పరుపు వేసి, ఆ తరువాతనే మేకలను లోనికి వదలాలి. పొడి సున్నం పిల్లల కళ్ళకు, పొదుగుకు తగిలితే మంట పుడుతుంది.

ఇప్పుడు మేత. బూజు పట్టిన చెక్కను ఎండబెట్టి పెట్టరాదు. వేరుశనగ మీద పెరిగే ఆస్పర్జిల్లస్ జాతి బూజు అఫ్లటాక్సిన్ అనే విషాన్ని తయారు చేస్తుంది. ఎండకు బూజు ఆగుతుంది గాని, అప్పటికే చెక్కలోకి దిగిన విషం పోదు; ఉడకబెట్టినా పోదు. ఆ విషం కాలేయాన్ని దెబ్బతీస్తుంది. పిల్లలూ చూడి మేకలూ ఎక్కువగా నష్టపోతాయి. పాలిచ్చే మేక తింటే దాని ఆనవాళ్ళు పాలలోకి కూడా వస్తాయి. పైభాగం బాగున్నట్లు కనిపించినా బస్తా మొత్తం పారవేయమనే నా సలహా. ధర చూస్తే ప్రాణం ఒప్పదు, నాకు తెలుసు.

వానాకాలంలో ఎక్కువ కొని దాచడం వల్లనే ఈ నష్టం వస్తుంది. మేకకు రోజుకు 200 గ్రాముల దాణా అనుకున్నా, మీ పది పెద్ద జీవాలకు పదిహేను రోజులకు 30 కిలోలు చాలును. అంతకు మించి తేవద్దు. బస్తాను నేలకు, గోడకు ఆనించకుండా, ఇటుకల మీద పలకలు పరచి, గోడకు ఒక అడుగు దూరంలో పెట్టండి. మూత గట్టిగా పట్టే డ్రమ్ము ఎలుకలను ఆపుతుంది. కాని తేమ ఉన్న సరుకును అందులో మూసిపెడితే లోపలే చెమర్చి బూజు ఇంకా త్వరగా పడుతుంది. మొక్కజొన్న వంటి గింజలలో తేమ ఉన్నదా అని చూడడానికి సులువైన పరీక్ష ఉన్నది: బాగా ఎండిన గాజు సీసాలో మూడవ వంతు గింజలు, కొద్దిగా పొడి ఉప్పు వేసి, మూత పెట్టి రెండు మూడు నిమిషాలు ఊపి, పావు గంట ఆగి చూడండి. ఉప్పు సీసా గోడలకు అంటుకుంటే తేమ 15 శాతానికి మించి ఉన్నట్లు. ఆ గింజలను ఇంకా ఎండబెట్టాలి.

యూరియా, పురుగుమందుల సంచులను ఉతికి కూడా దాణాకు వాడవద్దు. ఎలుకల కోసమని పిల్లిని దాణా గదిలో వదిలే అలవాటు మన పల్లెల్లో ఉన్నది; పిల్లి మలం దాణాలో కలిస్తే టాక్సోప్లాస్మా అనే సూక్ష్మజీవి సోకి చూడి మేకలు ఈచుకుపోయే ప్రమాదం ఉన్నది. గది తలుపుకు గడియ తప్పనిసరి. మేక ఒక్కసారి దాణాలో పడి కడుపు నిండా తింటే కడుపులో ఆమ్లం పెరిగి, పూటలోపలే ప్రాణం మీదికి వస్తుంది. పేగులలో విషం పుట్టి హఠాత్తుగా చంపే చిటుక రోగానికి కూడా అదే దారి తీస్తుంది.

ప్రశ్న వేసిన సభ్యురాలు

పరీక్షలో కాక్సీడియా అని తేలింది, మందు మొదలుపెట్టారు. చెక్కను పారవేస్తాము. నల్లబడిన వేరుశనగ కట్టెను మేతకు కాకపోయినా, కింద పరచడానికి వాడవచ్చునా? మిగిలిన వామిని ఏమి చేయాలి?

పలమనేరు పెంపకందారు

బ్లీచింగు విషయంలో పెద్దవారి మాట వింటాను. అమ్మా, నల్లబడినది పరచవద్దు. మేకలు పరుపును కూడా తింటాయి. దానిని పెంటదిబ్బలో పెంటికలతో పొరలు పొరలుగా వేసి మట్టి కప్పితే మామిడి చెట్లకు మంచి ఎరువు అవుతుంది. దిబ్బ మాత్రం కొట్టానికి దూరంగా ఉండాలి, లేకపోతే ఈగలు తప్పవు. వామిని తెరపి రాగానే విప్పి, వేడిగా ఉన్న పొరలను వేరు చేసి, పచ్చగా, మంచి వాసనతో ఉన్నదానిని మాత్రమే ఆరబెట్టి మళ్ళీ వేయండి. ఈసారి అడుగున రాళ్ళ మీద కర్రలు పరచి, పైన గుమ్మటంగా తీర్చి, పట్టాను పైభాగానికే కప్పండి. నేల దాకా దించి బిగించి కడితే లోపలి ఆవిరికి దారి ఉండదు.