ఫార్మసీ చదివినవాళ్లు ముందు కౌంటర్ వెనక నిలబడాల్సిందేనా?

మూడో ఏడు:
ఫార్మసీ మూడో సంవత్సరం చదువుతున్నాను. మా సీనియర్ ఒకాయన ఒకటే మాట పట్టుకున్నారు. చివరికి ఏ ఉద్యోగంలో స్థిరపడినా సరే, ముందు రెండేళ్లు పేషెంట్ల మధ్య పనిచెయ్యి, మందుల షాపో ఆస్పత్రో ఏదో ఒకటి, కంపెనీల సంగతి తర్వాత చూసుకోవచ్చు అంటారు. మా క్లాసులో సగం మందికి ఇది అస్సలు నచ్చలేదు. ఆ రెండేళ్లూ క్యూసీలోనో (మందుల నాణ్యత పరీక్షలు), రెగ్యులేటరీలోనో (మందుల అనుమతుల ఫైళ్ల పని) గడిపినవాడు మనకన్నా రెండు మెట్లు పైన ఉంటాడు కదా అని వాళ్ల వాదన. నాకు కెమిస్ట్రీ ఇష్టం, కొత్తవాళ్లతో మాట్లాడాలంటే కొంచెం టెన్షన్. ఎవరి మాట వినను? "నీకు నచ్చింది చెయ్యి" అని మాత్రం అనకండి, ఏది నచ్చుతుందో తెలిస్తే ఇక్కడ ఎందుకు అడుగుతాను.

రాత్రి షిఫ్ట్:
మీ సీనియర్ చెప్పింది కరెక్ట్. నేను ఆస్పత్రి ఫార్మసీలో పనిచేస్తాను, ఒక్క మందు గురించి చెప్తా, మెథోట్రెక్సేట్. కీళ్లవాతానికి ఇస్తే వారానికి ఒక్కసారే వేసుకోవాలి. ఇది పుస్తకంలో ఉంటుంది, పరీక్షలో రాస్తావు, మార్కులు పడతాయి. కానీ ఎదురుగా ఉన్న పెద్దావిడ చేతికి మందులిస్తూ "ఇది ఎప్పుడు వేసుకుంటారమ్మా" అని అడిగి చూడు, "పొద్దున్నే, బీపీ బిళ్లతో పాటే" అంటుంది, అంటే రోజూ అన్నమాట. చీటీలో వారానికొకటి అనే ఉంది, డాక్టరూ చెప్పాడు, ఆవిడా తలూపింది, అయినా ఇంటికెళ్లాక అన్ని బిళ్లలూ ఒకే డబ్బాలో పడతాయి. అలా రోజూ మింగితే నోరంతా పుండ్లు పడి, ఎముక మజ్జ దెబ్బతిని, తెల్లకణాలు పడిపోతాయి, ప్రాణాలు పోయిన కేసులు కూడా ఉన్నాయి. అందుకే "వారానికొకసారి" అని చెప్పి ఊరుకోకూడదు. "ఏ రోజు వేసుకుంటారు? సోమవారమా? అయితే డబ్బా మీద సోమవారం అని రాస్తున్నా" అనాలి. ఇది కళ్లారా చూసినవాడు రేపు ఏ కంపెనీలో కూర్చుని లేబుల్ రాసినా వేరేగా రాస్తాడు. కౌంటర్ మొహం చూడనివాడు రాసిన లేబుల్ నాకు ఇట్టే తెలిసిపోతుంది.

కేస్ నంబర్:
అన్నా, చివరి లైన్ తప్ప మిగతాదంతా ఒప్పుకుంటా. నేను డిగ్రీ అవ్వగానే ఫార్మకోవిజిలెన్స్‌లో (పీవీ అంటారు, మందుల సైడ్ ఎఫెక్ట్‌లని గమనించే పని) చేరాను, కౌంటర్ వెనక ఒక్కరోజు కూడా నిలబడలేదు. మా దగ్గరకి సైడ్ ఎఫెక్ట్ రిపోర్టు వస్తే ముందు నాలుగు చూస్తాం: పేషెంట్ ఒకరున్నారని తెలిపే ఆధారం, చెప్పిన మనిషి, అనుమానిస్తున్న మందు, జరిగిన ఇబ్బంది. నాలుగూ ఉన్నాయంటే గడువు లెక్క మొదలైనట్టే. తీవ్రమైన కేసు అయితే మామూలుగా 15 రోజుల్లో అధికారులకు చేరాలి. క్లినికల్ ట్రయల్‌లో ఊహించని రియాక్షన్ వచ్చి ప్రాణం మీదకి తెచ్చిందంటే మొదటి కబురు 7 రోజుల్లోనే వెళ్లాలి, సెలవులు కూడా ఆ లెక్కలోనే. ఎవరో డాక్టర్ "జ్వరం, దద్దుర్లు, కళ్లు ఎర్రబడ్డాయి" అని మూడు ముక్కలు రాసి పంపుతాడు. చర్మం ఊడుతోందా, నోట్లో పుండ్లు ఉన్నాయా అని తిరిగి అడగాలని మనకి తట్టాలి, ఎందుకంటే అది స్టీవెన్స్ జాన్సన్ సిండ్రోమ్, అంటే చర్మం ఊడిపోయి ప్రాణం మీదకి తెచ్చే రియాక్షన్ అయితే కథ పూర్తిగా మారిపోతుంది. ఇదంతా సీట్లో కూర్చునే నేర్చుకున్నాను. ఆస్పత్రిలో చేసి వచ్చినవాళ్లు మొదట్లో చురుగ్గా ఉంటారు, కాదనను, కొన్ని నెలలు పోయాక ఎవరు ఎక్కడ నుంచి వచ్చారో గుర్తుపట్టలేం.

ల్యాబ్ కోటు:
తమ్ముడూ, కెమిస్ట్రీ ఇష్టం అన్నావు, అందుకే ఈ మాట. ఆ ఇష్టంతో క్యూసీకి వచ్చి నిరాశపడినవాళ్లని చాలామందిని చూశాను. అక్కడ కెమిస్ట్రీ కన్నా రాత ఎక్కువ. హెచ్‌పీఎల్‌సీ (మందులో ఏది ఎంత ఉందో కొలిచే మెషిన్) పెట్టాలి, సిస్టమ్ సూటబిలిటీ (ఆ మెషిన్ సరిగ్గా పనిచేస్తోందా అని చూసే పరీక్ష) ఫెయిలైతే ఎందుకో వెతకాలి, చేసిన ప్రతి పనీ చేసిన నిమిషంలోనే రాయాలి, సాయంత్రం తీరిగ్గా కూర్చుని రాస్తానంటే కుదరదు. రిజల్ట్ లిమిట్ బయటకి వచ్చిందనుకో, "ఇంకోసారి చేస్తే పాసవుతుంది" అనే ఆలోచనే తప్పు. మొదటి రిజల్ట్‌ని పక్కకి నెట్టడానికి వీల్లేదు, కారణం తేల్చాలి. స్టెబిలిటీలో (మందు ఎన్నాళ్లు చెడిపోకుండా ఉంటుందో చూసే విభాగం) అయితే 40 డిగ్రీలు, 75 శాతం తేమలో 6 నెలలు పెట్టిన శాంపిళ్లని తేదీ తప్పకుండా బయటికి తీసి పరీక్షించడమే పని. నాకు ఇష్టమే, ఓపిక ఉన్నవాళ్లకి చాలా మంచి ఉద్యోగం. కానీ కొత్త మాలిక్యూల్స్ తయారు చేయాలన్న కోరిక ఉంటే అది మెడిసినల్ కెమిస్ట్రీ, దానికి పీజీ, చాలాచోట్ల పీహెచ్‌డీ దాకా వెళ్లాలి. ఇకపోతే కౌంటర్ అనుభవం ఉందా అని నన్ను ఏ ఇంటర్వ్యూలోనూ అడగలేదు.

డోసియర్ అక్క:
రాత్రి షిఫ్ట్ గారూ, పేషెంట్‌ని చూడనివాళ్లకి మందు అర్థం కాదన్నట్టు మాట్లాడుతున్నారు, థాలిడోమైడ్ సంగతి గుర్తుచేస్తాను, గర్భిణులు వాడితే పిల్లలు అవయవలోపాలతో పుట్టిన మందు అది. 1960లో ఆ మందు అమెరికాలో అనుమతికి వచ్చినప్పుడు అక్కడ మందులకి అనుమతిచ్చే ఎఫ్‌డీఏలో ఫ్రాన్సెస్ కెల్సీ ఫైల్ చదివి ఆధారాలు చాలవంది. కంపెనీ ఎంత ఒత్తిడి తెచ్చినా ఆవిడ కదల్లేదు. నరాలు దెబ్బతింటున్నాయని ఒక మెడికల్ జర్నల్లో వచ్చిన ఉత్తరం చూసి ఇంకా సమాచారం కావాలని అడిగింది. డాక్టర్లకి శాంపిల్స్‌గా పంచిన మాట నిజమే గానీ, ఆ మందు అక్కడ మార్కెట్‌లోకి రాలేదు. ఆవిడ ఆపింది కాగితాలు చదివే కదా! మా పనిని "పేపర్ వర్క్" అని తీసిపారేసేవాళ్లకి ఇదే నా జవాబు. నిజానికి మాది కూడా అదే కోవ. ఐదు మాడ్యూల్స్ డోసియర్ (మందు అనుమతి కోసం అధికారులకి ఇచ్చే ఫైల్) ముందేసుకుని, మూడో మాడ్యూల్‌లో తయారీ గురించి రాసిన అంకెకీ, స్టెబిలిటీ డేటాకీ పొంతన ఉందా అని వెతుకుతాం. మేం వదిలేస్తే అధికారులు పట్టుకుంటారు, అప్పుడు క్వెరీ లెటర్ వస్తుంది, ఒక్కోసారి నెలల తరబడి ఆలస్యం.

ఇంకో సంగతి. 1990లో ఐసీహెచ్ (మందుల నియమాలని దేశాల మధ్య ఒకేలా చేసే వేదిక) మొదలయ్యాక చాలా దేశాల నియమాలు దగ్గర దగ్గరగా వచ్చాయి, కాబట్టి రెగ్యులేటరీ, పీవీ, క్వాలిటీ నైపుణ్యం దేశం మారినా చాలావరకు పనికొస్తుంది. కౌంటర్ లైసెన్స్ అలా కాదు, వేరే దేశం వెళ్తే చాలాచోట్ల మళ్లీ పరీక్షలు రాయాలి.

రాత్రి షిఫ్ట్:
అక్కా, కథ సగమే చెప్పారు. కెల్సీ ఆపింది నిజం. కానీ పిల్లల అవయవాలు దెబ్బతింటున్నది ఈ మందు వల్లేనని 1961లో బయటపెట్టింది ఎవరు? జర్మనీలో లెంజ్ పిల్లల డాక్టరు, ఆస్ట్రేలియాలో మెక్‌బ్రైడ్ కాన్పుల డాక్టరు. ఇద్దరూ పేషెంట్ల ముందు ఉన్నవాళ్లే. కెల్సీ కూడా ఎంబీబీఎస్ లాంటి వైద్య పట్టా ఉన్న మనిషే, వట్టి గుమాస్తా కాదు.

డోసియర్ అక్క:
గుమాస్తా అని నేనెప్పుడన్నాను 🙂 రెండు రకాల మనుషులూ కావాలనేగా నేను చెప్పేది. ఒకే మనిషి రెండూ చేసి రావాలని మీరంటున్నారు, అక్కడే తేడా.

పాత కౌంటర్:
ఇప్పటిదాకా చదివి ఊరుకున్నా, ఇక ఆగలేక రాస్తున్నా. "ముందు" కౌంటర్, "తర్వాత" అసలు ఉద్యోగం అని మీరందరూ ఎలా అనేసుకున్నారు? సమర్థించినవాళ్లదీ అదే ధోరణి, వ్యతిరేకించినవాళ్లదీ అదే. నా జీవితమంతా కౌంటర్ వెనకే గడిచింది, నేనేం మెట్టు కాదు ఎక్కి వెళ్లిపోవడానికి. కొలెస్ట్రాల్‌కి సిమ్వాస్టాటిన్ వాడుతున్న మనిషికి గొంతునొప్పికని క్లారిత్రోమైసిన్ అనే యాంటీబయాటిక్ రాసి పంపిస్తే, ఆ రెండూ కలిసి కండరాలు కరిగిపోయే ప్రమాదం ఉందని ఆ నిమిషంలో చూసేది నేనే, డాక్టర్‌కి ఫోన్ చేసేది నేనే, ఆయన విసుక్కుంటే భరించేదీ నేనే. ఆ ఫోన్ ఎలా చేయాలో ఏ కాలేజీలోనూ నేర్పరు. "మీరు తప్పు రాశారు" అన్నావంటే పని చెడుతుంది. "సార్, ఈయన సిమ్వాస్టాటిన్ వాడుతున్నారు, యాంటీబయాటిక్ మార్చమంటారా, లేక ఈ వారం సిమ్వాస్టాటిన్ ఆపమంటారా" అంటే ఇరవై సెకన్లలో తేలిపోతుంది. బ్రిటన్‌లో 2006 నుంచి అదనపు శిక్షణ పొందిన ఫార్మసిస్టులు సొంతంగా మందులు రాస్తున్నారు, కొన్ని దేశాల్లో టీకాలు వేస్తున్నారు. ఈ పని పెరుగుతోంది, తగ్గట్లేదు. గంటల కొద్దీ నిలబడాలి, జనం రద్దీ, కాళ్లు పీకుతాయి, అది కూడా చెప్పాలి కదా. కానీ రెండేళ్లు ట్రైనింగ్‌లా వాడుకుని పోదామనుకునేవాడు నా పక్కన ఉంటే నాకూ ఇబ్బందే, పేషెంట్‌కీ ఇబ్బందే.

తెల్లవారుజాము:
చర్చంతా కౌంటరా, కంపెనీయా అన్నట్టే నడుస్తోంది, మాలాంటివాళ్లం కూడా ఉన్నాం. నేను న్యూక్లియర్ ఫార్మసీ, స్కాన్‌లకి వాడే రేడియోధార్మిక మందులు తయారు చేస్తాం. వాటిలో వాడే టెక్నీషియం-99ఎంకి హాఫ్ లైఫ్ (సగానికి తగ్గే సమయం) 6 గంటలు, అంటే పొద్దున తయారు చేసిన డోసు సాయంత్రానికి, పన్నెండు గంటలయ్యేసరికి, పావు వంతే మిగులుతుంది. అందుకే ఊరంతా పడుకున్నప్పుడు మా పని మొదలవుతుంది. పేషెంట్‌ని చూడను, కానీ నా లెక్క తప్పితే స్కాన్ పాడవుతుంది. ఆస్పత్రి సాఫ్ట్‌వేర్‌లో మందుల అలర్ట్‌లు పెట్టే ఫార్మసిస్టులు కూడా ఉన్నారు, ప్రతిదానికీ అలర్ట్ పెడితే డాక్టర్లు చదవకుండానే నొక్కేస్తారు, ఏది ఉంచాలో ఏది తీసేయాలో తేల్చడమే వాళ్ల తలనొప్పి. మూడో ఏట ఇవన్నీ తెలియకపోవడం మామూలే.

మూడో ఏడు:
అందరికీ థ్యాంక్స్, ఇప్పుడు ఇంకా కన్ఫ్యూజ్ అయ్యాను. ఒక సూటి ప్రశ్న. సెలవుల్లో నెల రోజుల ట్రైనింగ్‌కి రెండు అవకాశాలున్నాయి, ఒకటి ఆస్పత్రి ఫార్మసీ, ఇంకోటి క్యూసీ ల్యాబ్. ఏది?

ల్యాబ్ కోటు:
నా మాట వింటే ఆస్పత్రికే వెళ్లు. నెల రోజుల ట్రైనీకి క్యూసీలో మెషిన్ మీద చెయ్యి వెయ్యనివ్వరు, లాగ్‌బుక్కులు చూస్తూ కూర్చోబెడతారు. ఉద్యోగంలో చేరాక ఎలాగూ మొదటి నుంచీ నేర్పిస్తారు.

కేస్ నంబర్:
నేనూ ఆస్పత్రే అంటాను, రెండేళ్లు మాత్రం వద్దు. వీలైతే రౌండ్స్‌కి వెళ్లే ఫార్మసిస్ట్ వెనకే తిరుగు. ఆయన కేస్ షీట్‌లో ముందు ఏ పేజీ తెరుస్తున్నాడో గమనించు, క్రియాటినిన్ (కిడ్నీల పనితీరు చెప్పే రక్తపరీక్ష) ఎందుకు చూస్తున్నాడో అడుగు.

పాత కౌంటర్:
మనుషులతో మాట్లాడాలంటే టెన్షన్ అన్నావు కదా బాబూ, మొదటి వారం మాట్లాడకు, పక్కన నిలబడి విను. రెండో వారం ఒక్క ప్రశ్నే అడుగు, "ఇంకేమైనా మందులు వాడుతున్నారా" అని. దానికి వచ్చే జవాబులతోనే నీ నెల గడిచిపోతుంది.

రాత్రి షిఫ్ట్:
అందరూ ఆస్పత్రే అన్నారు, గమనించారా డోసియర్ అక్కా 😄

డోసియర్ అక్క:
నెలకే అన్నారు, రెండేళ్లకి కాదు.