అపాస్ట్రఫీ ఎస్‌ను విడదీసేటప్పుడు ‘ఈజ్’ ఎప్పుడు, ‘హాజ్’ ఎప్పుడు?

నమస్తే. మాది పర్లాకిమిడి. ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా మాట్లాడే పిల్లల కోసం ఇంగ్లీష్ పాఠాలు తయారుచేస్తున్నాను. ‘డోంట్’ అని ఉన్నచోట ‘డు నాట్’ అని పూర్తి రూపం రావాలి. దానికి పైథాన్‌లో ఇలాంటి కుదించిన రూపాలను విడదీసే కాంట్రాక్షన్స్ లైబ్రరీ, అందులోని ఫిక్స్ ఫంక్షన్ వాడుతున్నాను.

‘కాంట్’, ‘వోంట్’ వంటివి చక్కగా వస్తున్నాయి. తంటా అంతా అపాస్ట్రఫీ ఎస్ ('s) దగ్గరే. ‘హీ'జ్ ఈటెన్ ది మ్యాంగో’ ఇస్తే ‘హీ ఈజ్ ఈటెన్ ది మ్యాంగో’ అని వస్తోంది. అది చదివి ఒక పాప “అతన్ని ఎవరు తినేశారు?” అని అడిగింది. తప్పు పాఠం పిల్లల చేతికి వెళ్లిందని చాలా బాధేసింది.

ముందు, ఫిక్స్‌కి పంపకముందే రీప్లేస్‌తో ఒక్కో వాక్యం సరిచేశాను. పాఠాలు పెరిగేకొద్దీ అది అయ్యే పని కాదు. తర్వాత భాషను విశ్లేషించే స్పేసీ లైబ్రరీతో ట్యాగింగ్ చేసి (అంటే ఏ పదం ఏ వ్యాకరణ రూపమో గుర్తించి), పక్కన ‘ఈటెన్’ లాంటి పాస్ట్ పార్టిసిపుల్ ఉంటే ‘హాజ్’ పెట్టమన్నాను. ‘ఈటెన్’ కుదిరింది కానీ ‘షీ'జ్ టైర్డ్’ కాస్తా ‘షీ హాజ్ టైర్డ్’ అయింది. ‘ఇట్'స్ మేడ్ ఆఫ్ వుడ్’ కూడా అంతే. ఇదే పని చేసే పైకాంట్రాక్షన్స్ అనే మరో లైబ్రరీ కూడా చూశాను. దానికి జావా, పెద్ద వర్డ్ వెక్టర్ ఫైలు (పదాల అర్థాలను అంకెల్లో దాచిన ఫైలు) కావాలి; నా 4 జీబీ ల్యాప్‌టాప్ అక్కడే ఆగిపోతోంది.

పార్టిసిపుల్ ముందున్న అపాస్ట్రఫీ ఎస్ ‘ఈజ్’ అవుతుందా, ‘హాజ్’ అవుతుందా అని స్పేసీ చిన్న మోడల్‌తోనే తేల్చాలంటే ఏ రూల్ రాయాలి?